బంతి రాని పరుగులు – జెర్రీ రైస్ ఆట జీవితం

మన హాస్టల్ మైదానంలో కబడ్డీకి, వాలీబాల్‌కి, క్రికెట్‌కి ఎప్పుడూ జనం ఉంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రం మన దగ్గర ఎవరూ ఆడరు. ఆ బంతిని చేత్తో పట్టుకుని చూసినవాళ్లు కూడా మనలో ఉండరేమో. అలాంటి ఆట గురించి వార్షికోత్సవ సంచికలో వ్యాసం ఎందుకని తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడగవచ్చు. ఆ ఆటలో 'వైడ్ రిసీవర్' అనే స్థానం ఒకటుంది. ఆ స్థానంలో ఇప్పటివరకు ఆడినవాళ్లందరిలో గొప్పవాడని పేరు తెచ్చుకున్న జెర్రీ రైస్ ఒక తాపీ మేస్త్రి కొడుకు. ఆయన ఆట జీవితం చదువుతున్నప్పుడు, మొదటి తరం చదువరులమైన మనకు పనికొచ్చే సంగతులు కొన్ని కనిపించాయి. అవి మీతో పంచుకోవాలని మా కోరిక.

ముందు ఆట గురించి నాలుగు మాటలు

అమెరికన్ ఫుట్‌బాల్ పేరుకే ఫుట్‌బాల్. ఎక్కువ భాగం చేతులతోనే ఆడతారు. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. ఒక్కో వైపు 11 మంది ఉంటారు. మైదానం పొడవు 100 గజాలు. దానికి రెండు చివర్లా పదేసి గజాల గమ్యస్థానాలు ఉంటాయి. బంతిని ఎదుటివాళ్ల గమ్యస్థానంలోకి చేరిస్తే 'టచ్‌డౌన్'. దానికి 6 పాయింట్లు.

బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు వెళితే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి. వెళ్లలేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. ముందుకు వెళ్లడానికి రెండు దారులున్నాయి. బంతిని చంకన పెట్టుకుని జనం మధ్యలోంచి దూసుకుపోవడం ఒకటి. ముందుకు విసిరి, మనవాడి చేత పట్టించడం రెండోది. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. వరుసకు ఓ పక్కగా దూరంగా నిలబడి, పరుగెత్తి, దాన్ని పట్టుకునేవాడు వైడ్ రిసీవర్.

క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు బంతి పైకి లేచాక దాన్ని చూసుకుంటూ పరుగెత్తుతాడు. ఇక్కడ పద్ధతి వేరు. రిసీవర్ ముందుగా అనుకున్న దారిలో, అనుకున్నన్ని అడుగులు వేసి, అనుకున్న చోట తిరగాలి. ఆ దారిని 'రూటు' అంటారు. చాలాసార్లు అతను తిరిగి చూడకముందే బంతి క్వార్టర్‌బ్యాక్ చెయ్యి దాటిపోతుంది. మనిషి ఉన్న చోటికి విసరరు, మనిషి చేరబోయే చోటికి విసురుతారు. ఒక అడుగు తక్కువైనా, ఎక్కువైనా బంతి నేలపాలవుతుంది, లేదా ఎదుటివాడి చేతిలో పడుతుంది. అంటే విసిరేవాడు పట్టేవాణ్ణి చూసి విసరడు, నమ్మి విసురుతాడు.

ఇటుకలు పట్టిన చేతులు

జెర్రీ రైస్ 1962 అక్టోబర్ 13న అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో, స్టార్క్‌విల్‌లో పుట్టాడు. అదే నెల ఒకటో తేదీన అదే రాష్ట్రంలో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి మిసిసిపి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు. తెల్లవాళ్లు మాత్రమే చదువుతున్న ఆ విశ్వవిద్యాలయంలో ఒక్క నల్లజాతి విద్యార్థిని చేర్పించడానికి కేంద్ర ప్రభుత్వం సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. అక్కడి అల్లర్లలో ఇద్దరు చనిపోయారు. జెర్రీ పుట్టిన రాష్ట్రం, పుట్టిన కాలం అలాంటివి.

అతను పెరిగింది దగ్గర్లోని క్రాఫర్డ్ అనే పల్లెటూళ్లో. ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. తండ్రి జో నేథన్ రైస్ తాపీ మేస్త్రి. వేసవిలో కొడుకులు కూడా ఆయన వెంట పనికి వెళ్లేవారు. కింద నుంచి అన్నదమ్ములు ఇటుకలు విసిరితే జెర్రీ పైన నిలబడి పట్టుకునేవాడు. ఒక్కోసారి మూడు నాలుగు ఇటుకలు కలిపి విసిరేవారని, తన చేతులకు ఆ గట్టిదనం అక్కడే వచ్చిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు.

సారవ కర్రల మీద నిలబడి కింద నుంచి వచ్చే ఇటుకను అందుకోవడం ఎలా ఉంటుందో మనలో కొందరికి చెప్పనక్కరలేదు. సెలవుల్లో నాన్నతో, బాబాయితో పనికి పోయినవాళ్లు మన హాస్టల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. అయితే ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఇటుకలు మోస్తే పిల్లలు గొప్పవాళ్లవుతారని మేము అనడం లేదు. ఇటుకలు మోసిన పిల్లలు లక్షల్లో ఉన్నారు, జెర్రీ రైస్ ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ల చేతులు కూడా గట్టివే. వాళ్లకు బంతి విసిరినవాళ్లు లేరు. జెర్రీకి ఎవరు విసిరారో చూద్దాం.

పారిపోతే దొరికిన దారి

జెర్రీ హైస్కూల్లో చేరిన మొదటి ఏడాది ఫుట్‌బాల్ జట్టులో లేడు. దెబ్బలు తగిలే ఆట కాబట్టి వాళ్లమ్మ ఒప్పుకోలేదు. రెండో ఏడాది ఒకరోజు క్లాసు ఎగ్గొట్టి తిరుగుతుంటే ప్రిన్సిపాల్ కంటబడ్డాడు. ఒక్క ఉదుటున పరుగు లంకించుకున్నాడు. ప్రిన్సిపాల్ ఆ పరుగు చూశాడు, వెళ్లి ఫుట్‌బాల్ కోచ్‌కి చెప్పాడు. అలా జెర్రీ జట్టులోకి వచ్చాడు. తప్పు చేసినవాడిలో కూడా పనికొచ్చే గుణం ఒకటి కనిపెట్టిన పెద్దమనిషి ఆయన. క్లాసు ఎగ్గొట్టమని దీని అర్థం కాదని తమ్ముళ్లు గమనించాలి!

స్టార్క్‌విల్‌లోనే పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. జెర్రీ ఆడింది అక్కడ కాదు. ఇట్టా బీనా అనే చిన్న ఊళ్లోని మిసిసిపి వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయంలో. ఇది 1950లో నల్లజాతి విద్యార్థుల కోసం తెరిచిన కళాశాల. అక్కడి కోచ్ ఆర్చీ కూలీ ధైర్యస్థుడు. బంతిని పట్టుకుని గుద్దుకుంటూ పోవడం కన్నా ఎడాపెడా విసరడమే తన జట్టు పద్ధతిగా పెట్టుకున్నాడు. విల్లీ టోటెన్ అనే క్వార్టర్‌బ్యాక్, జెర్రీ రైస్ అనే రిసీవర్ – ఈ జంట 1984లో దేశమంతా తిరిగి చూసేలా చేసింది. ఆ ఏడాది ఆ జట్టు ఒక్కో ఆటలో సగటున దాదాపు 60 పాయింట్లు చేసింది. జెర్రీ ఒక్కడే 27 టచ్‌డౌన్ బంతులు పట్టాడు.

ఆ టోటెన్ పేరు మన దగ్గరే కాదు, అమెరికాలో కూడా ఎక్కువమందికి తెలియదు. ఎన్.ఎఫ్.ఎల్. అనే అగ్రశ్రేణి లీగ్‌లో అతను నిలదొక్కుకోలేదు. కానీ అతను విసరకపోతే జెర్రీ పట్టేదేముంది? ఆ విశ్వవిద్యాలయం ఈ సంగతి మరిచిపోలేదు. అక్కడి స్టేడియం పేరు రైస్-టోటెన్ స్టేడియం.

హోటల్ గదిలో టీవీ

1984 అక్టోబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో 49అర్స్ జట్టు కోచ్ బిల్ వాల్ష్ ఒక ఆట కోసం హ్యూస్టన్ వెళ్లాడు. రాత్రి హోటల్ గదిలో టీవీలో ఆ రోజు కళాశాల ఆటల ముక్కలు చూపిస్తుంటే, అందులో మిసిసిపి వ్యాలీ కుర్రాడు కనిపించాడు. వాల్ష్ ఆ పేరు మరిచిపోలేదు.

ఎన్.ఎఫ్.ఎల్.లో కొత్త ఆటగాళ్లను ఏటా వంతుల ప్రకారం ఎంచుకుంటారు. దీన్ని 'డ్రాఫ్ట్' అంటారు. గెలిచిన జట్టుకు చివరి వంతు వస్తుంది. ఆ ఏడాది 49అర్స్ ఛాంపియన్లు. వాళ్ల వంతు వచ్చేసరికి జెర్రీ మిగలడని వాల్ష్ భయం. జెర్రీ మరీ వేగం ఉన్నవాడు కాదని, 40 గజాల పరుగులో గడియారం గొప్పగా ఏమీ చూపలేదని, చిన్న కళాశాలలో బలహీనమైన జట్లమీద ఆడాడని చాలామందికి అనుమానాలుండేవి. వాల్ష్ తన వంతులు కొన్ని మరో జట్టుకు ఇచ్చి, 16వ వంతు తీసుకుని 1985లో జెర్రీని ఎంచుకున్నాడు. అప్పటికే ఇద్దరు రిసీవర్లను వేరే జట్లు ఎంచుకున్నాయి. జెర్రీ మూడోవాడు.

చేతికి అందింది జారిపోయిన రోజులు

'పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది' అని మన పెద్దలు అంటారు. ఈ పువ్వు అలా పరిమళించలేదు. మొదటి ఏడాది జెర్రీ సులువైన బంతులు కూడా వదిలేశాడు. సొంత ఊరి జనమే గేలి చేశారు. చిన్న ఊళ్లోంచి మహానగరానికి వచ్చాడు. కొత్త జట్టు, లావుపాటి రూట్ల పుస్తకం, టీవీ కెమెరాలు. ఇటుకలు పట్టిన చేతుల్లోంచి తోలు బంతి జారిపోయింది. అయినా కోచ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు. ఆ డిసెంబర్‌లో లాస్ ఏంజెలిస్ రామ్స్ మీద ఒక్క ఆటలోనే 10 బంతులు పట్టి 241 గజాలు సాధించాడు.

రెండో ఏడాది, 1986లో, 1,570 గజాలు. ఇక దారిలో పడ్డాడనుకున్నారు. కానీ 1987 జనవరిలో న్యూయార్క్ జెయింట్స్ మీద నాకౌట్ ఆటలో, బంతి పట్టుకుని టచ్‌డౌన్ వైపు ఒంటరిగా పరుగెత్తుతుండగా, ఎవరూ తాకకుండానే బంతి చేతిలోంచి జారిపోయింది. 49అర్స్ 49–3 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. చేతికి అందింది నోటికి అందకపోవడం అంటే ఇదే.

ఆ తర్వాతి సీజన్‌లో, అంటే 1987లో, ఆటగాళ్ల సమ్మె వల్ల జెర్రీ ఆడింది 12 ఆటలే. ఆ 12 ఆటల్లో 22 టచ్‌డౌన్ బంతులు పట్టాడు. ఆ రికార్డు 20 ఏళ్లు నిలిచింది. 2007లో ర్యాండీ మాస్ 23 పట్టి దాన్ని దాటాడు. మాస్‌కు 16 ఆటలు దొరికాయి.

రోజూ చేసిన పని

మధ్యలో ఏం జరిగింది? గొప్ప రహస్యమేమీ లేదు. జెర్రీ మూడు పనులు రోజూ చేశాడు.

మొదటిది కొండ. శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణాన శాన్ కార్లోస్ దగ్గర ఒక పార్కులో రెండున్నర మైళ్ల కొండదారి ఉంది. ఆట లేని నెలల్లో, మిగతావాళ్లు విశ్రాంతి తీసుకునే కాలంలో, ఆ ఎత్తు మీదికి పరుగెత్తేవాడు. అతనితో కలిసి సాధన చేద్దామని వచ్చిన ఆటగాళ్లలో చాలామంది మధ్యలోనే ఆగిపోయేవారు.

రెండోది, సాధనలో ప్రతి బంతీ పట్టాక అక్కడితో ఆగకుండా గమ్యస్థానం దాకా పరుగు తీసేవాడు. సాధనలో ఐదు గజాల దగ్గర బంతి పట్టి వెనక్కి నడిచి వస్తే అడిగేవాళ్లు లేరు. కానీ పట్టిన వెంటనే పరుగెత్తడం కాళ్లకు అలవాటు కావాలని అతని పట్టుదల. నిజం ఆటలో ఆ అలవాటే పనిచేసింది. చిన్న బంతి పట్టి పెద్ద దూరం పోవడం అతని ప్రత్యేకత అయింది.

మూడోది రూటు. అతని ప్రతి రూటూ మొదటి కొన్ని అడుగుల్లో ఒకేలా ఉండేది. లోపలికి తిరుగుతాడో, బయటికి తిరుగుతాడో, నేరుగా పోతాడో కాపలా కాసేవాడికి తెలిసేది కాదు. మలుపు దగ్గర వేగం తగ్గేది కాదు. గడియారం దగ్గర అతన్ని మించినవాళ్లు మైదానంలో అతని వెనక పడ్డారు. 'అభ్యాసం కూసు విద్య' అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

అసలు లెక్క

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. జెర్రీ రైస్ 1985 నుంచి 2004 వరకు 20 సీజన్లలో 303 ఆటలు ఆడాడు. పట్టిన బంతులు 1,549. సాధించిన దూరం 22,895 గజాలు. పట్టి చేసిన టచ్‌డౌన్లు 197, అన్నీ కలిపి 208. ఆ దూరాన్ని మన లెక్కలో చెబితే దాదాపు 21 కిలోమీటర్లు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్ 17 సీజన్లు ఆడి 17,492 గజాల దగ్గర ఆగాడు. మధ్యలో 5,403 గజాల తేడా ఉంది.

1,549ని 303తో భాగించి చూడండి. ఒక ఆటకు ఐదు బంతులు వస్తాయి. ఒక్కో ఆటలో జట్టు దాదాపు 60 సార్లు బంతి ఆడుతుంది. అంటే ప్రపంచంలోకెల్లా గొప్ప రిసీవర్ కూడా ఐదుసార్లు బంతి పట్టడానికి మిగతా యాభై సార్లకు పైగా బంతి లేకుండానే పరుగెత్తాడు, తోటివాడికి అడ్డం నిలిచాడు, ఎదుటివాళ్లను తన వెంట తిప్పుకున్నాడు. ఆ పరుగులు ఏ రికార్డు పుస్తకంలోనూ లేవు. అయినా ఆ యాభైలో ఏది ఐదులో ఒకటవుతుందో ముందు తెలియదు కాబట్టి అన్నింటినీ ఒకేలా పరుగెత్తాలి.

1989 జనవరిలో జరిగిన 23వ సూపర్ బౌల్ దీనికి మంచి ఉదాహరణ. లీగ్‌లో ఛాంపియన్‌ను తేల్చే ఆటను సూపర్ బౌల్ అంటారు. సిన్సినాటి బెంగాల్స్ 16–13తో ముందుంది. మూడు నిమిషాల చిల్లర సమయం మిగిలింది. 49అర్స్ 92 గజాలు పోవాలి. ఆ ప్రయాణంలో జెర్రీ మూడు ముఖ్యమైన బంతులు పట్టాడు. చివరికి 10 గజాల దూరంలో, 34 సెకన్లు ఉందనగా, క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా బంతి విసిరాడు. జెర్రీకి కాదు, జాన్ టేలర్‌కి! ఎదుటివాళ్ల భయమంతా జెర్రీ మీద ఉంటే గెలుపు బంతి టేలర్ పట్టాడు. 49అర్స్ 20–16తో గెలిచింది. ఆ రోజు 11 బంతులు, 215 గజాలతో అత్యుత్తమ ఆటగాడి బహుమతి జెర్రీకే వచ్చింది. తర్వాత 1990లో, 1995లో కూడా ఆ జట్టుతో సూపర్ బౌల్ గెలిచాడు. ఆ రెండింటిలోనూ మూడేసి టచ్‌డౌన్లు చేశాడు. 1995లో బంతి విసిరింది స్టీవ్ యంగ్. విసిరే చెయ్యి మారింది, పట్టే చేతులు మారలేదు.

విరిగిన మోకాలు

1997లో మొదటి ఆటలోనే జెర్రీ ఎడమ మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. అప్పటివరకు వరుసగా 189 ఆటలు ఆడిన మనిషి ఆసుపత్రి మంచం ఎక్కాడు. డిసెంబర్‌లోనే తిరిగి వచ్చాడు. వచ్చిన మొదటి ఆటలోనే టచ్‌డౌన్ బంతి పట్టి కింద పడినప్పుడు అదే మోకాలి చిప్ప పగిలింది. అప్పటికి వయసు 35. ఇక అయిపోయిందన్నారు. 1998లో మొత్తం 16 ఆటలూ ఆడి 1,157 గజాలు సాధించాడు. 2001లో ఓక్లాండ్ రైడర్స్‌కి మారాడు. 40 ఏళ్లు నిండిన 2002 సీజన్‌లో 92 బంతులు పట్టాడు. 2003 జనవరిలో ఆ జట్టుతో మళ్లీ సూపర్ బౌల్ ఆడి ఓడిపోయాడు. 2004లో సియాటిల్‌కి వెళ్లాడు. 2005లో డెన్వర్ శిబిరంలో చేరినా సీజన్ మొదలుకాకముందే ఆట నుంచి తప్పుకున్నాడు. 2010లో ఓహియో రాష్ట్రంలోని కాంటన్‌లో ఉన్న ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

నాణేనికి రెండో వైపు

గొప్పవాళ్ల గురించి రాసేటప్పుడు పూలదండలే వేస్తే చదివేవాళ్లకు మేలు జరగదు. కాబట్టి రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి, చేతి తొడుగులకు జిగురు పూసుకోవడాన్ని ఎన్.ఎఫ్.ఎల్. 1981లోనే నిషేధించింది. తాను తొడుగులకు జిగురు మందు చల్లుకునేవాణ్ణని జెర్రీ రైస్ 2015లో టీవీలో తనే చెప్పాడు. ఆ కాలం ఆటగాళ్లు అది చేసేవారని తర్వాత సమర్థించుకున్నాడు. అందరూ చేసినా నిషేధం నిషేధమే. ఇరవై ఏళ్ల కష్టం దీనితో తుడిచిపెట్టుకుపోదు. ఆ కష్టాన్ని చూపించి దీన్ని దాచిపెట్టడం కూడా సరికాదు.

రెండోది మా మనసుకు ఎక్కువగా తగిలింది. 2010లో హాల్ ఆఫ్ ఫేమ్ సభలో మాట్లాడుతూ, జీవితమంతా తనను నడిపించింది ఓడిపోతానేమోనన్న భయమే అని ఆయన చెప్పాడు. ఆట జీవితాన్ని ఆస్వాదించడానికి ఎప్పుడూ తీరిక చేసుకోలేదని, తనకున్న విచారం అదొక్కటేనని కూడా అన్నాడు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా తెచ్చినవాళ్లకు ఈ భయం కొత్తది కాదు. ఒక్క పేపరు పోతే ఇంటిల్లిపాది ఆశ పోతుందన్న భయంతో మేమూ చదివాం. భయం పరుగెత్తిస్తుంది, నిజమే. కానీ గమ్యం చేరాక కూడా అది మనల్ని ఆగి ఊపిరి పీల్చుకోనివ్వదు. ఫలితాలు వచ్చిన రోజున అమ్మానాన్నల పక్కన కాసేపు కూర్చుని సంతోషపడటం కూడా నేర్చుకోవాలి.

విసిరే చేతులు కావాలి

జెర్రీ కథలో పరుగు ఎంత ఉందో, విసిరిన చేతులూ అంతే ఉన్నాయి. పరుగు చూసి కోచ్‌కి చెప్పిన ప్రిన్సిపాల్, బంతి విసిరే పద్ధతి నమ్మిన కూలీ, పేరు రాని టోటెన్, చిన్న కళాశాల కుర్రాణ్ణి తక్కువగా చూడని వాల్ష్ – వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా క్రాఫర్డ్‌లో మరో మంచి తాపీ మేస్త్రి ఉండేవాడు. తాపీ పని తక్కువది కాదు. కానీ ఏ పని చేయాలో ఎంచుకునే వీలు అతనికి ఉండేది కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ వంతు రూటు మీరు సరిగ్గా పరుగెత్తండి. ఈసారి బంతి రాకపోవచ్చు. మార్కులకు రాని పాఠం, ఎవరూ అడగని లెక్క, ఎవరూ చూడని తెల్లవారుజాము చదువు – ఇవన్నీ ఆ యాభై పరుగుల్లోవే.

ఇక మేము, అంటే హాస్టల్ దాటి వచ్చిన సీనియర్లం, మా వంతు గుర్తుంచుకోవాలి. ఏ ప్రవేశ పరీక్షకు ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలి, ఏ స్కాలర్‌షిప్‌కి ఏ ధ్రువపత్రం కావాలి, ఏ కోర్సు చదివితే ఏ దారి తెరుచుకుంటుంది – ఇవి మాకు ఇంట్లో చెప్పినవాళ్లు లేరు. మీకు చెప్పడానికి మేము ఉన్నాం. సంక్రాంతికో, వేసవికో ఊరికి వచ్చినప్పుడు ఒక్క పూట హాస్టల్‌కి వచ్చి కూర్చుంటే చాలు, నలుగురికి దారి తెలుస్తుంది. మీరు ఆ మలుపు దగ్గరికి చేరేసరికి బంతి అక్కడ ఉండాలి. మిమ్మల్ని నమ్మి దాన్ని ముందే విసరడం మా పని.